విజయవాడ, గుంటూరు మూడు రోజుల్లో చూడాలంటే: ముందు ఒడ్డు చూసుకోండి, తరువాత ఊరు

కరీంనగర్ నుంచి డెబ్బై దాటిన తల్లిదండ్రులతో, ఇద్దరు పిల్లలతో ఫిబ్రవరిలో ఒక శుక్ర, శని, ఆదివారాలు వస్తున్నామన్నారు. దుర్గమ్మ దర్శనం, భవానీ ద్వీపం, కొండపల్లి, ఉండవల్లి, మంగళగిరి, అమరావతి, గుంటూరు మిర్చి యార్డు, నాగార్జునసాగర్, సూర్యలంక బీచ్ అన్నీ కుదురుతాయా, కారు మాట్లాడుకోవాలా, ఎక్కడ దిగాలి, ఏమి కొనాలి అని అడిగారు. ఈ ఊళ్లో పుట్టి పెరిగి, ఏళ్ల తరబడి బంధువులను, వాళ్ల బంధువులను తిప్పి చూపిస్తున్నవాడిగా వివరంగా చెబుతాను.

ముందుగా రెండు పేర్లు కొట్టేయండి. నాగార్జునసాగర్‌కు గుంటూరు నుంచే మూడు గంటలకు పైగా ప్రయాణం. అక్కడికి వెళ్లాక నాగార్జునకొండ మ్యూజియం చూడాలంటే లాంచీ కోసం కాచుకోవాలి. అది విడిగా పెట్టుకోవలసిన యాత్ర. సూర్యలంక బాపట్ల దాటి సముద్రం ఒడ్డున ఉంది. పెద్దవాళ్లను అంత దూరం కూర్చోబెట్టి తీసుకెళ్లి, ఒక గంట ఇసుకలో నిలబెట్టి వెనక్కి తీసుకురావడం వాళ్లకు శిక్షే అవుతుంది. మిగిలినవన్నీ మూడు రోజుల్లో హాయిగా కుదురుతాయి, ఒక్క షరతు మీద.

ఆ షరతు ఏమిటంటే, చూడవలసిన చోట్లను పేరును బట్టి కాకుండా కృష్ణానది ఒడ్డును బట్టి విడగొట్టుకోవాలి. విజయవాడ ఊరు, దుర్గమ్మ కొండ, కొండపల్లి ఉత్తరపు ఒడ్డున ఉన్నాయి. ఉండవల్లి, మంగళగిరి, అమరావతి, గుంటూరు దక్షిణపు ఒడ్డున ఉన్నాయి. ఊరి దగ్గర నది దాటడానికి అందరూ వాడేవి ప్రకాశం బ్యారేజీ, కనకదుర్గ వారధి. బ్యారేజీ మీద కార్లు, ఆటోలు, ద్విచక్ర వాహనాలే వెళతాయి. బస్సులు, లారీలు వారధి మీదుగానే వెళ్లాలి. పొద్దున దుర్గమ్మ, మధ్యాహ్నం ఉండవల్లి, సాయంత్రం కొండపల్లి అని కాగితం మీద రాసుకుంటే దూరాలు చిన్నవిగానే కనిపిస్తాయి. వంతెన రెండుసార్లు దాటేసరికి, బెంజి సర్కిల్ వైపు ఒకసారి ఇరుక్కునేసరికి పూట గడిచిపోతుంది. ఒక రోజుకు ఒక ఒడ్డు అని నియమం పెట్టుకుంటే పెద్దవాళ్లకు మధ్యాహ్నం నడుము వాల్చుకునే వ్యవధి కూడా దొరుకుతుంది.

రెండో సంగతి, మీరు ఎంచుకున్న వారాలు. శుక్రవారం దుర్గమ్మ గుడిలో రద్దీ ఎక్కువ. అదే శుక్రవారం అమరావతిలోని పురావస్తు మ్యూజియానికి సెలవు. గుంటూరు మిర్చి యార్డుకేమో శని, ఆదివారాలు సెలవు. ఈ మూడూ తెలియక శుక్రవారం అమరావతికి, శనివారం గుంటూరుకు వెళ్లి, మూసిన తలుపులు చూసి వచ్చేవాళ్లు చాలామంది. కాబట్టి మీ వరుస ఇలా ఉండాలి: శుక్రవారం మంగళగిరి, గుంటూరు. శనివారం విజయవాడ, కొండపల్లి. ఆదివారం ఉండవల్లి, అమరావతి. గురువారం రాత్రికే విజయవాడ చేరుకోండి. వరంగల్ వైపు నుంచి రైళ్లకు కొదవ లేదు. శుక్రవారం పొద్దున దిగి, స్నానాలు చేసి బయలుదేరేసరికి ఎండెక్కుతుంది, మొదటి పూట చేజారిపోతుంది.

బస విషయానికి వస్తే, పెద్దవాళ్లు ఉన్నారు గనుక గాంధీనగర్, గవర్నర్‌పేట ప్రాంతాల్లో చూసుకోండి. రైల్వే స్టేషను దగ్గర, బస్టాండు దగ్గర, టిఫిన్లకు బయటకు వస్తే చాలు. కాస్త ఖర్చుపెట్టి విశాలమైన గదులు కావాలనుకుంటే లబ్బీపేట, బెంజి సర్కిల్ వైపు బాగుంటాయి. లిఫ్టు పని చేస్తోందా అని ఫోనులో అడిగి మరీ గది తీసుకోండి.

ఇక్కడ దారి అడిగేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. బోర్డు మీద మహాత్మా గాంధీ రోడ్డు అని ఉంటుంది, జనం నోట బందరు రోడ్డు. బోర్డు మీద కార్ల్ మార్క్స్ రోడ్డు, జనం నోట ఏలూరు రోడ్డు. ఊరి మధ్య నుంచి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ పారుతున్నాయి గనుక 'కాలువ దాటాక' అని ఎవరైనా చెబితే ఏ కాలువో అడగండి. గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేటల్లో చిరునామా 4/14 అని ఇస్తారు. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని అర్థం. ఇది తెలిస్తే ఆ పేటల్లో ఎవరినీ దారి అడగనక్కరలేదు.

కారు మాట్లాడుకోవాలా అన్నారు. శుక్రవారం, ఆదివారం డ్రైవరుతో సహా కారు తీసుకోండి. శనివారం ఊళ్లో తిరగడానికి ఆటోలు చాలు, కొండపల్లికి మాత్రం ఒక పూటకు కారో ఆటోనో మాట్లాడుకోండి. ఊబర్, ఓలా, ర్యాపిడో ఇక్కడ బాగానే దొరుకుతాయి. బయట ఆటో ఎక్కితే ఎక్కకముందే రేటు, ఎంతమందికి అన్నది తేల్చుకోండి. కారు మాట్లాడుకునేటప్పుడు రోజుకు ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు, టోలు ఎవరిది, డ్రైవరు భోజనం ఎవరిది అన్న నాలుగు విషయాలు ముందే ఫోనులో రాయించుకోండి. మంగళగిరిలో, కొండపల్లిలో డ్రైవరు తానుగా ఒక దుకాణానికి తీసుకెళితే చూడండి, కొనడం మాత్రం పక్క దుకాణాల్లో ధర అడిగాకే.

బస్సుల్లోనే తిరుగుతాం అనుకునేవాళ్లకు కూడా ఇబ్బందేమీ లేదు. పండిట్ నెహ్రూ బస్టాండు నుంచి గుంటూరుకు వరుసగా బస్సులు ఉంటాయి, మంగళగిరి ఆ దారిలోనే వస్తుంది. ఆంధ్రప్రదేశ్ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో 2025 ఆగస్టు 15 నుంచి ప్రయాణం ఉచితం గనుక ఆ బస్సుల్లో సీటు దొరకడం కొంచెం కష్టం. పెద్దవాళ్లతో వచ్చినప్పుడు నాన్‌స్టాప్ బస్సే మేలు.

ఇక శుక్రవారం. పొద్దున ఏడింటికల్లా బయలుదేరి ముందు మంగళగిరి వెళ్లండి. కొండ మీద పానకాల నరసింహస్వామి గుడి మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలోనే మూసేస్తారు. రాత్రిపూట దేవతలు వచ్చి స్వామిని కొలుస్తారని నమ్మకం. అందుకని సాయంత్రం కొండెక్కాలన్న ఆలోచన వద్దు. పెద్దవాళ్లు మెట్లు ఎక్కనక్కరలేదు, కారు పైదాకా వెళ్లే దారి ఉంది. పైన గర్భాలయంలో విగ్రహం ఉండదు, తెరిచిన నోరు ఒక్కటే ఉంటుంది. మీరు ఇచ్చిన బెల్లం పానకాన్ని అర్చకస్వామి శంఖంతో ఆ నోట్లో పోస్తుంటారు. గుటకలు వేస్తున్నట్టు చప్పుడు వినిపిస్తుంది. కొంతసేపటికి ఆ చప్పుడు ఆగుతుంది, మిగిలిన సగం మీకు ప్రసాదంగా ఇస్తారు. పిల్లలను ముందు నిలబెట్టండి, ఆ చప్పుడు వాళ్లు జన్మలో మరిచిపోరు. పానకం తెచ్చుకోవడానికి మూత ఉన్న చిన్న సీసా వెంట ఉంచుకోండి. చేతులు, మెట్లు, చీర కుచ్చెళ్లు జిగటగా అవుతాయి గనుక తడి గుడ్డ కూడా పెట్టుకోండి.

కింద లక్ష్మీనరసింహస్వామి గుడి గాలిగోపురం పదకొండు అంతస్తులది. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 19వ శతాబ్దం తొలినాళ్లలో కట్టించాడు. వీధి ఈ కొస నుంచి చూస్తే దాని సన్నదనం, ఎత్తు బాగా తెలుస్తాయి. మంగళగిరి చీరలు మాత్రం పొద్దున కొనకండి. గుంటూరు నుంచి తిరిగి వచ్చేటప్పుడు సాయంత్రం ఆగితే తీరికగా చూడవచ్చు.

మంగళగిరి నుంచి గుంటూరు 20 కిలోమీటర్ల దూరం. మిర్చి యార్డును పొద్దుటి పూటే చూడాలి. ఆసియాలోనే అతి పెద్ద మిర్చి మార్కెట్‌గా దీనికి పేరు. ఫిబ్రవరిలో కొత్త పంట వస్తూ ఉంటుంది గనుక మీరు మంచి సమయానికే వస్తున్నారు. మే నెలలో వచ్చేవాళ్లు మాత్రం వేసవి సెలవులు ఎప్పుడో కనుక్కుని రావాలి, ఆ రోజుల్లో క్రయవిక్రయాలు ఆపేస్తారు. ఇది సంత కాదు, పని జరిగే చోటు అన్నది మనసులో ఉంచుకోండి. గేటు దగ్గర చూడడానికి వచ్చామని చెప్పి, అనుమతి తీసుకుని లోపలికి వెళ్లండి. హమాలీలు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోస్తూ పరుగు మీద ఉంటారు, వాళ్ల దారికి అడ్డంగా నిలబడి ఫొటోలు తీయకండి. రాశిగా పోసి చూపించిన కాయల్లో ఒకటి తుంచి, రంగు చూసి, వేళ్ల మధ్య నలిపి, గింజను చూసి వ్యాపారి ధర చెబుతాడు. ఆ ఒక్క నిమిషంలో ఒక రైతు ఏడాది కష్టం తేలిపోతుంది. ఆ నిమిషంలో పక్కన మౌనంగా నిలబడి చూడడం మన మర్యాద.

ఘాటు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. లోపలికి అడుగుపెట్టగానే దగ్గు, తుమ్ములు మొదలవుతాయి. మీ నాన్నగారికో అమ్మగారికో ఆయాసం, ఉబ్బసం ఉంటే వాళ్లను లోపలికి తీసుకెళ్లనే వద్దు, గుంటూరులో ఏదైనా హోటల్లో కూర్చోబెట్టి మీరు వెళ్లిరండి. పిల్లలకు మాస్కు పెట్టండి, మిరపకాయ ముట్టుకున్న చేత్తో కళ్లు నలపనివ్వకండి. చేయి మండితే ఒట్టి నీళ్లతో కడిగితే తగ్గదు. మిరపలో కారం కలిగించే పదార్థం నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. కాస్త కొబ్బరినూనె రాసి తుడిచి, తరువాత సబ్బుతో కడగండి. నోరు మండినప్పుడు కూడా నీళ్ల కంటే పెరుగు, పాలు పనిచేస్తాయి.

యార్డులో కిలో, రెండు కిలోలు అమ్మరు, టిక్కీల లెక్కనే వ్యాపారం. ఇంటికి కావలసినవి గుంటూరు పట్నం బజారులో కొనుక్కోండి. తేజ రకం కారం ఎక్కువ, కాయ సన్నం. బ్యాడిగి రంగు బాగా ఇస్తుంది, కారం తక్కువ. 334 అని పిలిచే సన్నం రకం రెంటికీ మధ్యస్థం. కరీంనగర్‌లో మీరు వాడే కారానికి ఏది దగ్గరో చెప్పి తీసుకోండి. కొత్త కాయలా, శీతల గిడ్డంగిలో దాచిన ఏసీ కాయలా అని అడగండి. తాలు కాయలు, అంటే తెల్లబారినవి, కలిశాయేమో దోసిట్లోకి తీసుకుని చూడండి. బాగా ఎండిన కాయను చెవి దగ్గర ఊపితే గింజలు గలగలమంటాయి. వంచితే విరగకుండా మెత్తగా వంగిందంటే తేమ ఉన్నట్టే, ఇంటికెళ్లాక బూజు పడుతుంది. దంచిన కారం కొనడం కంటే కాయలు కొని, తొడిమలు తీసి, మీ ఊళ్లోనే మర పట్టించుకోవడం నయం.

భోజనం గుంటూరులోనే చేయండి. గోంగూర, పండుమిరపకాయ పచ్చడి, కందిపొడి నెయ్యి వడ్డించే మామూలు భోజనశాల ఏదైనా చాలు. వడ్డించేవాళ్లకు పచ్చళ్లు కొంచెం కొంచెం వేయమని ముందే చెప్పండి. పిల్లలకు పప్పు, పెరుగు ముందు పెట్టించండి. మాల్పూరీ గుంటూరులో తప్పక రుచి చూడవలసిన మిఠాయి.

మధ్యాహ్నం కాస్త విశ్రాంతి తీసుకుని నాలుగింటికి ఉప్పలపాడు వెళ్లండి. గుంటూరు దగ్గరి పల్లెటూరు. అక్కడి ఊరచెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వందల కొద్దీ చెట్ల మీద గూళ్లు కట్టుకుని ఉంటాయి. మేతకు వెళ్లిన పక్షులు సాయంత్రం గుంపులుగా తిరిగివస్తాయి. అంత పెద్ద శరీరంతో గూడబాతు సన్నని కొమ్మ మీద వాలే తీరు చూడడానికి బైనాక్యులర్ కూడా అక్కరలేదు, కళ్లకు అంత దగ్గరగా ఉంటాయి. ఈ ఊరివాళ్లు ఏళ్లుగా వాటిని కాపాడుకుంటూ వస్తున్నారు. మనం వెళ్లి చప్పట్లు కొట్టి, రాళ్లు విసిరి వాటిని ఎగరగొట్టడం పాపం, పిల్లలకు బండి దిగకముందే చెప్పండి. నా మాట నమ్మి ఇది మాత్రం మానకండి. మీరు రాసిన పట్టికలో ఈ ఊరు లేదు, పిల్లలకు ఎక్కువగా నచ్చేది ఇదే అవుతుంది.

తిరుగు దారిలో మంగళగిరిలో చీరలు. ఒంటి నిండా బుటాలు లేకుండా, రెండు వైపులా జరీతో నిజాం అంచు ఉన్న నూలు చీర ఇక్కడి సొత్తు. గుంట మగ్గం మీద నేస్తారు. మరమగ్గం బట్టను మంగళగిరి పేరుతో అమ్మే దుకాణాలూ ఉన్నాయి. చేనేత ముద్ర ఉందా చూడండి, చీర అంచు చివర వెంట సన్నని సూది రంధ్రాలు ఉన్నాయేమో చూడండి. నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా రెండు అంచులనూ లాగి పట్టే కర్రకు ఉన్న ముళ్ల గుర్తులు అవి. ఎక్కువ బేరం ఆడకండి, ఒక చీర వెనుక ఒక ఇంటిల్లిపాది పని ఉంటుంది.

శనివారం తెల్లవారుజామునే లేచి దుర్గమ్మ దర్శనానికి వెళ్లండి. ఆరింటికల్లా వరుసలో ఉంటే ఎండ ఎక్కేలోపు కిందికి వచ్చేస్తారు. మెట్లదారి ఉంది, ఘాట్ రోడ్డు ఉంది, పెద్దవాళ్లకు మహామండపం వైపు లిఫ్టు ఉంది. మీ అమ్మానాన్నలను నేరుగా లిఫ్టు వైపే తీసుకెళ్లండి, మెట్లదారిలో సగం ఎక్కాక వెనుదిరగడం కష్టం. రద్దీని బట్టి సొంత వాహనాలను కొండ మీదికి రానివ్వరు, దేవస్థానం బస్సులు నడుపుతుంది. ఫోన్లు గదిలోనే వదిలేస్తే వాటిని భద్రపరిచే వరుస ఒకటి తప్పుతుంది. చీర, పంచె, చుడీదారు వంటి సంప్రదాయ దుస్తులే వేసుకోండి. మధ్యాహ్నం మహానివేదన సమయంలో దర్శనం కాసేపు ఆపుతారని గుర్తుంచుకోండి. కొండ మీద నుంచి నది వైపు ఒక్కసారి నిలబడి చూడండి, ఒడ్డుల లెక్క ఏమిటో పిల్లలకు వేలు పెట్టి చూపించవచ్చు.

దర్శనమయ్యాక గాంధీనగర్ వైపు వచ్చి టిఫిన్ చేయండి. బాబాయ్ హోటల్లో వెన్నతో ఇచ్చే ఇడ్లీ పేరుపొందింది. అక్కడ జనం ఎక్కువగా ఉంటే పక్క వీధుల్లో ఎక్కడ తిన్నా నిరాశ పడరు. ఇడ్లీ మీద కారప్పొడి, నెయ్యి వేసి ఇవ్వమని అడగండి. సాయంత్రం పూట పునుగులు, అల్లం చట్నీ ఏ బండి దగ్గరైనా వేడివేడిగా దొరుకుతాయి. మూకుడులోంచి అప్పుడే తీస్తున్న చోటే తినండి.

ఎండ వేళకు బందరు రోడ్డులోని బాపు మ్యూజియం మంచి చోటు. పాత భవనం 1887 నాటిది. 1921లో పింగళి వెంకయ్య తాను రూపొందించిన జెండాను గాంధీజీకి ఇచ్చింది విజయవాడలో జరిగిన కాంగ్రెస్ సమావేశాల్లోనే. ఆ సంగతి పిల్లలకు అక్కడే నిలబెట్టి చెప్పండి, పాఠ్యపుస్తకంలో చదివిన పేరు ఆ చోటుతో ముడిపడిపోతుంది. పుస్తకాల మీద ప్రేమ ఉంటే ఏలూరు రోడ్డులో ఒక గంట గడపండి. తెలుగు పుస్తకాల ప్రచురణకు ఈ ఊరు చాలాకాలం కేంద్రంగా ఉంది, ఇప్పటికీ ఆ దుకాణాల్లో మరెక్కడా దొరకని పుస్తకాలు కనిపిస్తాయి.

మధ్యాహ్నం మూడు గంటలకు కొండపల్లి బయలుదేరండి, ఊరికి 20 కిలోమీటర్ల పైచిలుకు. కోటను సాయంత్రం మూసేస్తారు గనుక ముందు కోట, తరువాత బొమ్మలు. 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టిన కోట ఇది. పైదాకా రోడ్డు ఉంది, లోపల మాత్రం నడవాలి. పెద్దవాళ్లు నడవలేకపోతే నేరుగా బొమ్మల కాలనీలో కూర్చోవచ్చు, ఇంటి అరుగుల మీద పని జరుగుతూనే ఉంటుంది.

కొండపల్లి బొమ్మను తెల్ల పొణికి కర్రతో చేస్తారు. చేత్తో ఎత్తి చూడండి, చూపుకు ఉన్న బరువు చేతికి ఉండదు. కర్రలోని తేమ పోయేదాకా సన్నని సెగ మీద ఆరబెట్టి, చేతులు, కాళ్లు, తల విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో వాటిని అతికిస్తారు. పైన సుద్ద పూసి, ఆరాక రంగులు వేస్తారు. అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడు, దశావతారాలు పేరుపొందినవి. కొన్న బొమ్మను నీళ్లతో కడగకూడదు, మక్కు ఉబ్బి అతుకు ఊడుతుంది. పొడి గుడ్డతో తుడిస్తే చాలు. చేసినవాళ్ల దగ్గరే కొనండి. డబ్బు నేరుగా వాళ్లకు చేరుతుంది, కొయ్య బొమ్మ పేరుతో అచ్చులో పోసిన బొమ్మ అంటగట్టే భయమూ ఉండదు. తొండం, కొమ్ములు, చేతులు విడిగా కాగితంలో చుట్టించండి, ఆ బొమ్మలను చేతిసంచిలోనే ఉంచుకోండి.

తిరిగి వచ్చాక ఓపిక ఉంటే ప్రకాశం బ్యారేజీ మీద కాసేపు. 1855లో కట్టిన ఆనకట్ట 1952లో తెగింది, దాని స్థానంలో 1957లో ఈ బ్యారేజీ వచ్చింది. 70 గేట్లు. డెల్టాలో వరి పండడానికి కారణం ఇక్కడ ఆగిన నీళ్లే. ఘాట్లలో స్నానం చేయాలనుకుంటే కంచె దాటి లోపలికి వెళ్లవద్దు, బ్యారేజీకి దిగువన ఇసుకలోకి పిల్లలను అసలే పంపవద్దు. పైన గేట్లు ఎత్తితే నీళ్లు ఒక్కసారిగా వస్తాయి.

భవానీ ద్వీపం సంగతి. పిల్లలు పట్టుబడితే శనివారం పదకొండు గంటల లోపు ఒక గంటన్నర కేటాయించండి, లేకపోతే వదిలేయండి. పడవ ఎక్కే ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉండాలి, దాని పట్టీలు బిగించి కట్టి ఉండాలి. జాకెట్ లేని పడవ, లెక్కకు మించి ఎక్కించిన పడవ ఎంత చవకైనా ఎక్కవద్దు. 2017 నవంబరులో, గోదావరి నీళ్లు కృష్ణలో కలిసే పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. నది నిశ్చలంగా కనిపించినంత మాత్రాన ఈ నియమం సడలించకండి.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి బ్యారేజీ దాటి ఉండవల్లి. కొండను తొలిచి నాలుగు అంతస్తులుగా చేసిన గుహాలయం. పైకి వెళ్లాక చీకటి గదిలో అనంత పద్మనాభస్వామి ఒకే రాతిలో పవళించి ఉంటాడు. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా రెండు నిమిషాలు కదలకుండా నిలబడండి. అప్పుడు శేషుని పడగలు, చుట్టూ గోడల మీది ఆకారాలు ఒక్కొక్కటిగా తెలుస్తాయి. చాలామంది ఫోను వెలుగు వేసి, ఒక ఫొటో తీసి వెళ్లిపోతారు, ఏమీ చూడకుండానే. మెట్లు ఇరుకు, నిటారు. మీ అమ్మగారికి మోకాళ్ల నొప్పి ఉంటే కింది అంతస్తు చూసి, ముందున్న పచ్చికలో కూర్చోవడం మంచిది. మంచినీళ్లు వెంట ఉంచుకోండి.

అక్కడి నుంచి అమరావతి. ఇక్కడ చాలామంది దారి తప్పుతున్నారు, జాగ్రత్తగా వినండి. ఫోను పటంలో అమరావతి అని కొడితే రాజధాని ప్రాంతంలో, సచివాలయం ఉన్న వెలగపూడి వైపో తుళ్లూరు వైపో చూపించవచ్చు. మీరు వెళ్లవలసింది అమరేశ్వరస్వామి గుడి, ధ్యానబుద్ధ విగ్రహం ఉన్న పాత అమరావతి. అది ఇంకా ఎగువన ఉంది. పటంలో ధ్యానబుద్ధ అని వెతకండి. కరకట్ట మీదుగా వెళితే నది మీ కుడిచేతి వైపే ఉంటుంది. ఆ రోడ్డు ఇరుకు గనుక డ్రైవరును తొందర పెట్టకండి.

అమరావతిలో ముందు మ్యూజియం, తరువాత మహాచైత్యం, అంటే పాత బౌద్ధ స్తూపం ఉన్న చోటు, చూడండి. వరుస తిప్పితే మహాచైత్యం దగ్గర మట్టిదిబ్బ, కొన్ని రాళ్లు తప్ప ఏమీ లేదని పిల్లలు పెదవి విరుస్తారు. ఇక్కడి పాలరాయి లాంటి సున్నపురాతి శిల్పాల్లో చాలా భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి, లండన్ బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. మ్యూజియంలో ఒక్క పలకను దగ్గరగా చూడండి. జానెడు చోటులో స్తూపం, దాని చుట్టూ కంచె, పైన ఎగురుతున్న దేవతలు, కింద మొక్కుతున్న మనుషులు, వాళ్ల తలపాగాల మడతలు అన్నీ చెక్కారు. ఒకప్పుడు ఆ స్తూపం ఎలా ఉండేదో ఆ పలకే చెబుతుంది. అది చూశాక దిబ్బ దగ్గరకు వెళ్లి నిలబడితే కంటికి కనిపించేది వేరు. ఇంత గొప్ప పనితనం మన ఊరి పక్కన జరిగిందని తెలుగువాళ్లకే సరిగా తెలియకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అమరేశ్వరస్వామి గుడి పంచారామాలనే ఐదు శివక్షేత్రాల్లో ఒకటి. లింగం ఎంతో ఎత్తు గనుక అభిషేకం పై అంతస్తు నుంచి చేస్తారు. మధ్యాహ్నం గుడి మూసి ఉంటుంది, ఒంటిగంట లోపే దర్శనం చేసుకోండి లేదా సాయంత్రం దాకా ఆగండి. 125 అడుగుల ధ్యానబుద్ధుణ్ణి నాలుగింటి తరువాత చూడండి, ఆ రాతి నేల మీద మధ్యాహ్నం చెప్పులు లేకుండా అడుగు పెట్టలేరు. ఊళ్లో భోజనానికి పెద్ద వసతులు ఉండవు. పొద్దునే పులిహోర, పెరుగన్నం కట్టించుకుని వెళితే నిశ్చింత.

ఇతర కాలాల్లో వచ్చేవాళ్లకు రెండు మాటలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ ప్రాంతం బాగుంటుంది. మే నెలలో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, పెద్దవాళ్లను తీసుకురావద్దు. ఆ రోజుల్లో తప్పనిసరై వస్తే పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం ఐదు తరువాత మాత్రమే బయట తిరగండి, మజ్జిగ, తాటిముంజలు, కొబ్బరినీళ్లు విరివిగా తీసుకోండి. చిన్న రసాలు, బంగినపల్లి మామిడి ఆ కాలపు భాగ్యం. ఆగస్టు, సెప్టెంబరుల్లో వచ్చేవాళ్లు బ్యారేజీ ప్రవాహం వార్తలు చూసుకుని బయలుదేరండి. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది, బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. దసరా నవరాత్రుల్లో, అందులోనూ మూలా నక్షత్రం రోజున దుర్గమ్మ కొండ మీద జనం లక్షల్లో ఉంటారు. చంటిపిల్లలతో, పెద్దవాళ్లతో ఆ రోజు వద్దు. డిసెంబరులో భవానీ దీక్షల విరమణ రోజులు కూడా అంతే. సంక్రాంతికి ముందు మూడు రోజులు హైదరాబాద్ నుంచి విజయవాడ వచ్చే రహదారి, పండుగ అయ్యాక తిరుగు దారి కిక్కిరిసి ఉంటాయి. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా గుణదల మేరీమాత ఉత్సవాలు. ఆ మూడు రోజుల్లో ఏలూరు రోడ్డు వైపు కారు తీసుకెళ్లకండి, గది కూడా ముందే దొరకబుచ్చుకోండి. కృష్ణా పుష్కరాలు 2016లో జరిగాయి, మళ్లీ 2028లో వస్తాయి. పుష్కర స్నానానికే రావాలనుకునేవాళ్లు గదులు, రైలు టికెట్లు నెలల ముందే చూసుకోవాలి.

మీ ప్రయాణం తేదీలు ఖాయమయ్యాక రాయండి. మీ నాన్నగారు ఎంత దూరం నడవగలరో, అమ్మగారికి మెట్లు ఎక్కడం కుదురుతుందో లేదో కూడా చెబితే ఆదివారం వరుసను వాళ్లకు తగినట్టు మార్చి చెబుతాను.